సంచిలో చోటు లేదండి

మామ్మగారిని ఎడమ పక్కకు ఒత్తిగిల్లించి, పాత దుప్పటిని ఆవిడ వీపు వెంబడి చాపలా చుట్టి, దాని పక్కనే ఉతికిన దుప్పటి సగం పరిచింది ఆయమ్మ. తర్వాత ఆవిడను కుడి పక్కకు దొర్లించి, పాతది లాగేసి, రెండో సగం పరిచి, అంచులు పరుపు కిందికి దోపింది. మంచంలో మనిషి ఉండగానే దుప్పటి మార్చడం ఆమెకు కళ్ళు మూసుకుని చేసే పని. ఆఖరి అంచు దోపుతుంటే అప్పుడు తట్టింది, ఈవిడ లేచి నడవడం మొదలుపెట్టి చాలా రోజులైందని.

"నేను లేచి కుర్చీలో కూర్చుంటే నీకీ శ్రమ తప్పేదిగా," అన్నారు మామ్మగారు గోడవైపు తిరిగి పడుకునే. "చెబుదామనుకున్నాను. నువ్వలా దొర్లిస్తుంటే హాయిగా ఉండి నోరు మూసుకున్నాను."

"చేతులకి అలవాటైపోయిందండి. ఇవాళ వెళ్ళిపోతున్నానన్న సంగతి వాటికింకా తెలిసినట్టు లేదు," అంది ఆయమ్మ.

తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ మామ్మగారి కోసం ఆమె ఈ ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఎముక అతికింది. ఇక ఆయమ్మ అక్కర్లేదని మొన్న డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విని కొడుకూ కోడలూ సంతోషించారు, ఆయమ్మ కూడా సంతోషించింది, మామ్మగారొక్కరే మొహం ముడుచుకున్నారు.

ఆయమ్మ పొట్టి మనిషి. భుజాలు మాత్రం బాగా వెడల్పు. మనుషుల్ని ఎత్తీ దించీ మణికట్లు మొద్దుబారి, గాజు వేసుకోవాలన్నా ఎక్కని పరిస్థితి. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానినట్టుండేవి. నడిస్తే చప్పుడు కాదు. ఆమె పనిచేసిన ఇళ్ళలో చాలామందికి ఆమె మొహం సరిగ్గా గుర్తుండదు గాని, మంచం పక్కన ఎవరో ఉన్నారన్న ధైర్యం మాత్రం గుర్తుంటుంది. అన్ని ఇళ్ళలోనూ ఆమె ఆయమ్మే. ఇళ్ళకు మనుషుల్ని పంపే ఆఫీసులో తోటివాళ్ళు మాత్రం "సంచక్క" అంటారు.

ఆ పేరుకు కారణమైన సంచి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. ఒకప్పుడు నీలం రంగుది. ఉతికి ఉతికి, ఇప్పుడది ఏ రంగో అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాల్సిందే. ఒక పిడి తెగిపోతే ఆమె చెల్లెలు మందపాటి గుడ్డ పట్టీ వేసి కుట్టిపెట్టింది. అందులో రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, సబ్బుపెట్టె, ఒక చిన్న టార్చిలైటు. ఇల్లూ వాకిలీ అన్నీ అదే. ఏ ఇంటికి వెళ్ళినా ఆమె మొదట అడిగేది "మేకెక్కడుందండీ?" అనే. బీరువాలో ఒక అర ఇస్తామంటే వద్దంటుంది. బట్టలు ఉతుక్కుని, ఆరేసుకుని, మడిచి మళ్ళీ సంచిలోనే పెట్టుకుంటుంది.

జబ్బు నయమైనవాళ్ళు ఊరికే పంపరు కదా. ఒకరు గోడగడియారం ఇవ్వబోయారు, ఒకరు గాజుగిన్నెల సెట్టు ఇవ్వబోయారు, ఒక పెద్దాయనైతే తన రేడియోనే తీసుకుపొమ్మన్నాడు. అందరికీ ఒకటే జవాబు. "సంచిలో చోటు లేదండి." మర్యాదగా, నవ్వుతూ చెప్పేది. వాళ్ళు చిన్నబుచ్చుకునేలోపే చెప్పులు వేసుకునేది. నిలకడలేని మనిషి అని కొందరు, బంధాలు పెట్టుకోని గట్టి మనిషి అని కొందరు అనుకునేవారు. ఆమె ఎవరినీ కాదనలేదు.

ఆమెకున్న ఇంకో అలవాటు సెలవు తీసుకునే మాటలో ఉంది. లోకంలో అందరూ ఇల్లు దాటేటప్పుడు "వెళ్ళొస్తాను" అంటారు. పని కొత్తలో ఆమె కూడా అలాగే అంది, టైఫాయిడ్ తగ్గిన ఒక కుర్రాడి ఇంట్లో. వాళ్ళమ్మ ఉలిక్కిపడి, "మళ్ళీ రావడమెందుకమ్మా, నువ్వొచ్చావంటే మావాడు మంచమెక్కినట్టేగా," అని గుమ్మంలోనే దులిపేసింది. నిజమే కదా అనిపించింది ఆయమ్మకు. "పోతాను" అనడానికి నోరెలా వస్తుంది? అందుకని అప్పటినుంచీ "ఉంటానండి" అనడం మొదలుపెట్టింది. ఫోను పెట్టేసేటప్పుడు అందరం అనే మాటే. వెళ్ళేవాళ్ళు ఉంటామనడం ఏమిటని ఎవరూ అడగరు. ఆ మాటకు అర్థం "ఇక ఆపుదాం" అనే గాని, నిజంగా ఉండిపోతామని కాదు.

చెల్లెలు ఫోను చేసేసరికి పొయ్యి మీద జావ కుతకుతలాడుతోంది, స్నానాలగదిలోంచి మామ్మగారు తువ్వాలు కావాలని పిలుస్తున్నారు.

"సాయంత్రం బస్సుకేగా అక్కా?"

"ఆ, దానికే."

"ఈసారైనా కాళ్ళు నిలుస్తాయా? వచ్చిన మూడో రోజుకే ఇంకో ఇల్లంటూ పరిగెత్తుతావా? నువ్వు ఉండిపోతానంటే ఆ వెనక గది..."

జావ పొంగి పొయ్యి మీదికి కారింది. "ఆయమ్మా," అని రెండో కేక. ఆయమ్మ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, గిన్నె దించుతూ, "సరేనే, ఉంటాను," అంది. ఆయమ్మ ఫోను పక్కన పడేసి తువ్వాలు పట్టుకుని పరిగెత్తింది.

ఉండిపొమ్మన్న మాట చెల్లెలు ఇప్పుడు కొత్తగా అడిగింది కాదు. ఒక ఇంట్లో పని ముగిశాక, ఇంకో ఇంటికి వెళ్ళేలోపు, నాలుగు రోజులు చెల్లెలి దగ్గర ఉండి రావడం ఆయమ్మకు అలవాటు. పోయినసారి వెళ్ళినప్పుడు చెల్లెలు తన బట్టలన్నీ ఒక పక్కకు నెట్టి బీరువాలో చోటు చేసింది. ఆయమ్మ సరేనంది. రాత్రి పడుకునేముందు మాత్రం చెయ్యి ఊరుకోక, బట్టలు తీసి సంచిలో సర్ది, సంచిని తలుపు గొళ్ళేనికి తగిలించింది. పొద్దున చెల్లెలు అది చూసి, "మా ఇంట్లో కూడా డ్యూటీలోనే ఉన్నావా అక్కా?" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అని, కాఫీ కలపడానికి వెళ్ళిపోయింది. ఆ మాట అప్పటినుంచీ ఆయమ్మ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

పదిగంటలవేళ మామ్మగారికి ఆఖరి నడక. ఇన్నాళ్ళూ వరండా దాకానే. ఇవాళ గేటు ముట్టుకుని రావాలని పందెం. చేతికర్ర ఒక పక్క, ఆయమ్మ చెయ్యి ఇంకో పక్క. సగం దారిలో మామ్మగారు ఆగి, "నన్ను నడిపించడం నేర్చుకున్నావు గాని, నువ్వు నిలబడ్డం ఎప్పుడు నేర్చుకుంటావు?" అన్నారు.

"నాకేమండీ, నిలబడే ఉన్నాగా."

"ఆ సంచిని చూస్తే నాకు బస్టాండులో కూర్చున్నట్టుంటుంది. ఇన్నాళ్ళూ నా గదిలో బస్టాండు పెట్టావు."

ఆయమ్మ నవ్వేసింది. మామ్మగారు గేటు ముట్టుకున్నారు, ముట్టుకుని దాని తుప్పంతా చేతికి అంటించుకున్నారు, ఏనుగెక్కినంత సంబరంగా వెనక్కి తిరిగారు.

మధ్యాహ్నం మరిది ఫోను చేశాడు. చెల్లెలి మొగుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. అవసరం లేకుండా ఫోను చేసే మనిషి కాదు.

"వదినా, మీరు మంచి పని చేశారు. చేశారు గాని, నా పని అయిపోయింది."

"ఏమైందయ్యా?"

"ఉంటానన్నారటగా. మీ చెల్లెలు పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. వెనక గదిలో నా మిషన్లన్నీ తీసి వసారాలో పెట్టింది. బీరువాలోంచి నా చొక్కాలు మంచం మీద కుప్ప పోసింది. ఎక్కడ పెట్టుకోనే అంటే నెత్తిన పెట్టుకో అంటోంది. పక్కింటికీ ఎదురింటికీ కూడా చెప్పేసింది, మా అక్క ఇక మా దగ్గరే ఉంటుందని."

ఆయమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత పొంగిన జావ గుర్తొచ్చింది, చెల్లెలు అడిగిన మాట గుర్తొచ్చింది, తను ఏమని ఫోను పెట్టేసిందో గుర్తొచ్చింది.

"అది కాదయ్యా, నేనన్నది..." అని నీళ్ళు నమిలింది.

"మీరు ఏమీ అనకండి వదినా. చొక్కాలదేముంది, తాడు కట్టుకుంటాను. ఆవిడ ఇంత హుషారుగా ఉండి ఎన్నాళ్ళయిందో," అని మరిది పెట్టేశాడు. పెట్టేస్తూ అతను కూడా "ఉంటాను మరి" అన్నాడు. ఆయమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ ఫోను ఇంకా చేతిలో ఉండగానే ఆఫీసు మేడమ్ ఫోను. ఒక ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దాయన, గుణం మంచిది, అరిచే రకం కాదు, రేపటినుంచే రమ్మంటున్నారు. మామూలుగా అయితే ఆయమ్మ ఇల్లెక్కడో కూడా అడక్కుండా సరేననేదే. ఇవాళ, "సాయంత్రానికి చెబుతానండి," అంది. మేడమ్, "నువ్వేనా మాట్లాడేది?" అని అడిగింది.

ఏం చెయ్యాలి? చెల్లెలికి ఫోను చేసి, అది ఫోను పెట్టేసే మాటేనే అని చెప్పేస్తే పోతుంది. ఒక్క నిమిషం పని. గిన్నెలు కడుగుతూ ఫోను వైపు చూసింది. గిన్నెలు తుడుస్తూ చూసింది. మామ్మగారి మందులు పెట్టెలో సర్దుతూ చూసింది. ఇరుగుపొరుగు ముందు చెల్లెలి మొహం ఎలా అయిపోతుందో తలచుకుంటే వేలు మీట మీదికి వెళ్ళలేదు. అలాగని ఊరుకుంటే ఎలా? వెళ్ళి ఉండాలి. నాలుగు రోజులు కాదు, ఎప్పటికీ. అది తన చేతనవుతుందని ఆమెకు ఎంతమాత్రం నమ్మకం లేదు.

"రెండు గంటలుగా ఆ ఫోనుకేసి పాముని చూసినట్టు చూస్తున్నావు. ఏమిటి సంగతి?" అన్నారు మామ్మగారు, కిటికీ పక్క కుర్చీలోంచి.

ఆయమ్మ జరిగింది చెప్పింది. మామ్మగారు ఒళ్ళంతా కదిలేలా నవ్వారు. నవ్వితే తుంటి నొప్పి పెట్టింది, అయినా ఆపలేదు.

"అన్నది నీ నోరేగా?"

"పొరపాటున వచ్చిందండి."

"పోనీ ఏమిటి కష్టం? సొంత చెల్లెలు, చోటిస్తానంటోంది. నీకెందుకే అంత భయం?"

తన గురించి ఎవరడిగినా ఆయమ్మ నవ్వేసి ఊరుకునేది. ఇవాళ ఎందుకో నవ్వు రాలేదు. మంచం అంచున కూర్చుంది. రోగుల మంచం మీద ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"అమ్మ పోయాక పిన్ని వాళ్ళ ఊరికి బయల్దేరామండి, నేనూ చెల్లెలూ. అమ్మ వస్తువులు ఒక్కటీ వదలబుద్ధి కాలేదు నాకు. ఇత్తడి గిన్నెలతో సహా అన్నీ సర్దేశాను. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో పరుపుచుట్ట. చెల్లెలు చిన్నది. నా చున్నీ చివర పట్టుకో, వదలొద్దు అని చెప్పాను. బస్టాండులో జనం తోసుకున్నారు. వెనక్కి చూస్తే చున్నీ ఉంది, పిల్ల లేదు." ఆమె తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. "పొద్దుగూకేదాకా వెతికాను. టీకొట్టు దగ్గర బల్ల మీద దొరికింది. పిన్ని ఊరు చేరాక ఆ పెట్టె ఎవరికో ఇచ్చేశాను. అప్పటినుంచీ ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకుంటానండి. సంచి ఒక చేతిలో పట్టేంతే ఉండాలి. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే నాకు ఊపిరాడదు."

మామ్మగారు కుర్చీలో ఆమె వైపు తిరిగారు. తర్వాత, "ఈ సంగతి నీ చెల్లెలికి తెలుసా?" అన్నారు.

"దానికెందుకు చెప్పడమండీ. చిన్నప్పుడే భయపడి ఉంటుంది."

"అదేమనుకుంటోందో అదీ తెలీదు నీకు. బాగుంది." మామ్మగారు కర్ర చివరతో మంచం కింద చూపించారు. "అది బయటికి లాగు."

మంచం కింద బొంత ఉంది. పడుకుని ఉన్నన్నాళ్ళూ పొద్దు పోక మామ్మగారు పాతబట్టల ముక్కలు అతికి కుట్టిన బొంత. సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది ఆయమ్మే, ఏ ముక్క పక్కన ఏ ముక్క బాగుంటుందో చెప్పింది కూడా ఆయమ్మే. అది మామ్మగారి మనవరాలి కోసమనుకుంది ఆమె. విప్పితే మంచమంతా పరుచుకుంది. అంచు మీద కుట్టు వంకరటింకరగా ఉన్నచోట మామ్మగారికి నొప్పి ఎక్కువగా ఉన్న రోజులు, తిన్నగా ఉన్నచోట తగ్గిన రోజులు.

"నీకే," అన్నారు మామ్మగారు.

ఆయమ్మ నోరు తెరిచింది. ఏమనబోతోందో ఇద్దరికీ తెలుసు.

"సంచిలో చోటు లేదంటే కర్ర తీసుకుంటాను," అన్నారు మామ్మగారు.

ఆయమ్మ బొంతను చేత్తో నిమిరింది. తర్వాత వరండాలోకి వెళ్ళి చెల్లెలికి ఫోను చేసింది. నిజం చెప్పేద్దామనే చేసింది.

"అక్కా, మంచి పని చేశావు, నేనే చేద్దామనుకుంటున్నా," అంది చెల్లెలు రొప్పుతూ. "నీకు బీరువాలో మధ్య అర ఇచ్చాను, వంగక్కర్లేకుండా. అది చాలుతుందా? నీకెన్ని బట్టలుంటాయో నాకు తెలీదు. ఎప్పుడు చూడనిచ్చావు గనక."

ఆయమ్మ చెప్పాలనుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి. "నీకు గుర్తుందా, బస్టాండులో తప్పిపోయావు?"

"ఎవరు? నేనా?"

"నా రెండు చేతుల్లో సామాను ఉంది. నువ్వు నా చున్నీ పట్టుకున్నావు..."

"నేనెక్కడ తప్పిపోయాను అక్కా? బన్ను వాసనొస్తే నేనే వదిలేశాను. టీకొట్టావిడ ఒకటి చేతిలో పెట్టి కూర్చోబెట్టింది. తప్పిపోయింది నువ్వేగా," అంది చెల్లెలు. "మా అక్క తప్పిపోయింది, అదే వస్తుందిలే అని ఆవిడకి చెప్పాను కూడా. నువ్వు వచ్చేటప్పటికి నా రెండో బన్ను. ఎందుకు అలా ఏడ్చావో నాకప్పుడు అర్థం కాలేదు."

"భయం వెయ్యలేదుటే?"

"దేనికి? నువ్వు వస్తావని తెలుసుగా."

ఆయమ్మ వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళూ తను ఖాళీగా మోసుకుని తిరిగిన చెయ్యి స్తంభం మీద ఉంది. దానికేసి చూస్తే నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. అవి తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

"వింటున్నావా? చాలుతుందా అర?"

"చాలదే," అంది ఆయమ్మ. "ఒక బొంత కూడా ఉంది. పెద్దది."

"అయితే ఆయన చొక్కాలు ఇంకో రెండు తీసేస్తాను. ఉండు." చెల్లెలు గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, పొద్దున అన్నమాట నిజంగానే అన్నావా?"

"ఉంటాను," అంది ఆయమ్మ. అని, ఫోను పెట్టెయ్యలేదు. మరోసారి మెల్లగా, ఆ మాటను అప్పుడే నేర్చుకుంటున్నదానిలా అంది. "ఉంటానే."

ఆఫీసు మేడమ్‌కు చెప్పడం అంతకన్నా తేలికైంది. వేరేవాళ్ళని చూసుకోమంది. పని మానేస్తావా అని మేడమ్ అడిగితే, మా చెల్లెలి ఊళ్ళో కూడా మంచాన పడేవాళ్ళు ఉండకపోరు, పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చే పనులు చూసుకుంటానంది. "ఇంటికి" అన్న మాట నోట్లోంచి వచ్చాక దాన్ని తనే ఒకసారి విని చూసుకుంది.

కోడలు పనినుంచి వచ్చేసరికి ఆయమ్మ మంచం మీద బొంత పరిచి, సంచిలోని బట్టలూ తువ్వాలూ దువ్వెనా సబ్బుపెట్టే టార్చిలైటూ దాని నడిమధ్యన పెట్టింది. నాలుగు మూలలూ ఎదురెదురుగా ముడివేసింది. మంచి మూట అయింది. భుజాన వేసుకుంటే వీపుకు మెత్తగా ఆనింది. చెయ్యి ఇంకా ఖాళీగానే ఉంది. ఇక మిగిలింది సంచి. దాన్ని కూడా మడిచి మూటలో దూర్చబోయింది.

"మామ్మగారూ, వెళ్ళొస్తాను," అంది.

కోడలు చటుక్కున తలెత్తి చూసింది. మామ్మగారు కళ్ళు చికిలించారు. "ఆ మాట నువ్వు అనవుగా."

"పనికి కాదండి. ఊరికే, మిమ్మల్ని చూసిపోవడానికొస్తాను."

"నోటిమాట నేను నమ్మను. నీ నోరు ఎలాంటిదో పొద్దున్నేగా చూశాం. ఆ సంచి ఇక్కడ వదిలిపెట్టి వెళ్ళు, తాకట్టు."

ఆయమ్మ సంచిని రెండు చేతులా పట్టుకుని ఒకసారి చూసింది. దాని గుడ్డపిడిని బొటనవేలితో రాసింది. తలుపు వెనక్కి వెళ్ళి మళ్ళీ మేకుకు తగిలించింది.

కోడలు ఆటో పిలుస్తానంది. వద్దంది ఆయమ్మ, బస్సు ఆగే చోటు వీధి చివరే. మామ్మగారు గేటు దాకా వస్తానని లేచారు. ఎవరూ వద్దనలేదు. ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చెయ్యి చాపారు. ఆయమ్మ ఖాళీ చెయ్యి అందుకుంది. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగి, పొద్దున నడిచిన దారినే నడిచి, గేటు దగ్గర ఆగారు. ఆయమ్మ మూట సర్దుకుని, వీధిలోకి దిగి, చివరిదాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూసింది. బస్సు తొందరగానే వచ్చింది.

మామ్మగారు తిరిగి ఒక్కరే నడిచారు. గదిలోకి వచ్చి, బొంత కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు కిటికీ దగ్గరనుంచి ఏరి, వాటిని ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశారు. తలుపు వెనక మేకుకు సంచి వేలాడుతోంది. జిప్పు తెరిచే ఉంది, లోపల బోలెడంత చోటుంది.